తలుపు లాకులకు కరెంటు ఎక్కణ్ణించి రావాలి, మంటొస్తే ఎక్కడ తెగాలి

నెల్లూరు పొగతోటలో ఐదంతస్తుల నర్సింగ్ హోమ్ ఒకటి కడుతున్నారనుకుందాం. కార్డు పెడితే తెరుచుకునే తలుపులు ఎనిమిది. చేతికొచ్చిన కొటేషన్లలో రీడర్ (కార్డును చదివే డబ్బా) మోడల్, కెమెరా, సాఫ్ట్‌వేర్ గురించి పేజీలు పేజీలు ఉంటాయి. కరెంటు గురించి మాత్రం చివర్లో ఒక్క లైను: "12 వోల్ట్ అడాప్టర్ - 8 నంబర్లు". రేపు అర్ధరాత్రి తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది తేల్చేది ఆ లైనే. రీడర్ పాడైతే మార్చుకోవచ్చు. గోడలో వేసిన వైరును మార్చాలంటే ప్లాస్టరింగ్ పగలగొట్టాలి.

కరెంటు ఇచ్చే దారులు నాలుగైదున్నాయి. వాటిని ఖర్చు చూసి పోల్చేముందు ప్రతి తలుపు దగ్గరా నిలబడి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. కరెంటు పూర్తిగా పోతే ఈ తలుపు తెరుచుకోవాలా, మూసుకునే ఉండాలా? ఫైర్ అలారం మోగితే దీని కరెంటును ఎవరు, ఏ చోట తెంపుతారు? రెండో ప్రశ్నకు వేలు పెట్టి "ఇదిగో, ఈ రిలే" (కరెంటుతో నడిచే స్విచ్) అని చూపించలేని డిజైన్ ఎంత చవకైనా వద్దు.

ముందు లాకు, తర్వాతే సప్లై

మన దగ్గర ఎక్కువగా కనబడేది ఈఎం లాక్, అంటే మాగ్నెట్ లాక్. కరెంటు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, పోగానే వదిలేస్తుంది. మనుషులు బయటికి పరుగెత్తాల్సిన దారుల్లో ఇదే సరి. కాకపోతే 24 గంటలూ కరెంటు తింటుంది. 600 పౌండ్ల బలంతో పట్టుకునే లాకు 12 వోల్టుల మీద సుమారు అర ఆంపియర్, 24 వోల్టుల మీద పావు ఆంపియర్ లాగుతుంది. బ్యాటరీ లెక్కంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఎలక్ట్రిక్ స్ట్రైక్ అంటే తలుపు లాచ్ పడే గుంటను కరెంటుతో వదిలించే లాకు. ఇందులో కరెంటు లేనప్పుడు మూసుకునే ఉండే రకం ఉంది. మందుల స్టోరు, క్యాష్ రూము, సర్వర్ గది లాంటి చోట్లకు అదే. లోపలివైపు మామూలు హ్యాండిల్ ఉండి, తిప్పగానే తలుపు రావాలి, అప్పుడే వాడాలి. తెరిచే నాలుగైదు సెకన్లే కరెంటు తీసుకుంటుంది కాబట్టి బ్యాటరీకి దీనివల్ల బరువే ఉండదు.

ట్రంక్ రోడ్డు షోరూముల్లో ఫ్రేము లేని గాజు తలుపులకు పైన బిగించే డ్రాప్ బోల్ట్ చూడ్డానికి బాగుంటుంది. అత్యవసర దారికి మాత్రం పెట్టొద్దు. జనం తలుపును నెడుతూ ఉంటే బోల్టు మీద పక్కనుంచి ఒత్తిడి పడి, కరెంటు పోయినా అది గుంటలోనే ఇరుక్కుపోతుంది. భయంలో ఎవరూ నెట్టడం ఆపి చూడరు కదా.

మెట్ల దగ్గరుండే ఫైర్ డోర్ సంగతి వేరు. అలారానికి ఈఎం లాక్ వదిలేశాక ఆ తలుపు ఊగిసలాడితే పొగ మెట్లలోకి వెళ్తుంది. కాబట్టి దానికి డోర్ క్లోజర్, తనంతట తాను పడే మెకానికల్ లాచ్ రెండూ ఉండాల్సిందే. లాకు వదిలితే పని అయిపోయినట్టు కాదు.

తలుపుకొక అడాప్టర్

ఒకటి రెండు తలుపుల క్లినిక్‌కు, చిన్న ఆఫీసుకు ఇది తప్పు కాదు. ప్రతి తలుపు పైన బ్యాటరీ ఛార్జర్ ఉన్న 12 వోల్ట్ సప్లై, ఒక 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంపియర్లను గంటలతో గుణించిన లెక్క) బ్యాటరీ. లాకుకు 0.5, రీడర్లు రెండింటికి 0.2, కార్డు సరైనదో కాదో తేల్చి తలుపు తెరిపించే కంట్రోలర్‌కు 0.2, మొత్తం 0.9 ఆంపియర్. నాలుగు గంటలకు 3.6 ఏహెచ్. పాతబడ్డ బ్యాటరీ పూర్తిగా ఇవ్వదని పావు వంతు కలుపుకున్నా 4.5. 7 ఏహెచ్ సరిపోతుంది. వైరు పొడవు తక్కువ కాబట్టి వోల్టేజి డ్రాప్ గొడవా ఉండదు.

చెడిపోయేది బ్యాటరీ దగ్గరే. ఛార్జింగ్ సర్క్యూట్ లేని మామూలు 12 వోల్ట్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా)కు బ్యాటరీని పక్కన కలిపేసి "బ్యాకప్ ఇచ్చాం" అనేవాళ్లు ఉన్నారు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 13.5 నుంచి 13.8 వోల్టులు అందితేగాని నిండదు. 12 వోల్టుల మీద ఏళ్ల తరబడి ఆకలితో ఉంటుంది. కరెంటు పోయినప్పుడు 10.5 వోల్టుల దగ్గర కట్ చేసే ఏర్పాటూ ఉండదు కాబట్టి అడుగంటా ఖాళీ అయిపోతుంది, ఇక కోలుకోదు. మల్టీమీటర్ బ్యాటరీ మీద పెట్టి చూడండి. మెయిన్స్ ఒక రోజంతా ఉన్నాక కూడా 13.5కు తక్కువ చూపిస్తే అది ఛార్జర్ కాదు.

రెండో ఇబ్బంది ఎండ. రోహిణి కార్తెలో రోళ్లే పగిలే చోట, పై అంతస్తు ఫాల్స్ సీలింగ్‌లో పెట్టిన సీల్డ్ బ్యాటరీ ఎన్నేళ్లు బతుకుతుంది? 25 డిగ్రీల పైన ప్రతి ఎనిమిది, పది డిగ్రీలకూ దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఎనిమిది తలుపులకు ఎనిమిది బ్యాటరీలు ఎనిమిది సీలింగ్‌లలో ఉంటే వాటిని ఎవరూ తిరిగి చూడరు. ఇక అలారానికి వాటిని తెంపాలంటే ఫైర్ ప్యానెల్ నుంచి ఎనిమిది చోట్లకూ వైరు లాగాలి. రెండు తలుపులు దాటితే ఈ పద్ధతి వదిలేయడం మంచిది.

ఒకే చోటి నుంచి పంచే సప్లై

నర్సింగ్ హోమ్‌కు మా ఓటు దీనికే. చల్లగా ఉండే ఎలక్ట్రికల్ రూములో ఒక పెట్టె. అందులో సప్లై, బ్యాటరీలు, ప్రతి తలుపుకూ విడిగా ఫ్యూజు ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు, ఫైర్ ప్యానెల్ నుంచి వచ్చే రిలే. ఒక తలుపు వైరు షార్టయితే ఆ ఫ్యూజు ఒక్కటే పోతుంది, మిగతా ఏడూ నిలబడతాయి. ఫ్యూజు లేకుండా ఎనిమిది వైర్లను ఒకే కనెక్టర్‌లో మెలేసి టేపు చుట్టిన పెట్టెలూ కనబడతాయి. మూడో అంతస్తులో ఎలుక ఒక వైరు కొరికితే భవనంలోని తలుపులన్నీ ఒక్కసారే వదిలేస్తాయి.

ఇక్కడ 12 వోల్టులా, 24 వోల్టులా అన్నదే అసలు ఎంపిక. లెక్క వేసి చూద్దాం. తలుపు 40 మీటర్ల దూరంలో ఉంది. వైరు పోవాలి, రావాలి కాబట్టి 80 మీటర్లు. 0.5 స్క్వేర్ ఎంఎం రాగి ఫ్లెక్సిబుల్ వైరు కిలోమీటరుకు దాదాపు 39 ఓమ్‌లు, అంటే మన దారికి 3.1 ఓమ్‌లు. 12 వోల్టుల మీద అర ఆంపియర్ లాగే లాకు దగ్గరికి చేరేది 10.6 వోల్టులు. మాగ్నెట్ బలం ఇంచుమించు కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 600 పౌండ్ల లాకులో అయిదో వంతు పైగా వైరులోనే పోయినట్టు. అదే లాకుకు, అదే వైరు మీద 24 వోల్టులు ఇస్తే 23.2 చేరుతుంది. నష్టం మూడు శాతం.

12 మీదే ఉండాలనుకుంటే వైరు లావు చేయాలి. 1.5 స్క్వేర్ ఎంఎం వేస్తే 40 మీటర్ల చివర 11.5 వోల్టులు వస్తుంది, అది చాలు. 60 మీటర్లకు కూడా 11.2 వరకు నిలుస్తుంది. రెండు రెక్కల తలుపుకు రెండు లాకులు ఒకే వైరు మీద పెడితే మాత్రం అదే 60 మీటర్లకు మళ్లీ 10.6కు పడిపోతుంది. అందుకని మా కొలబద్ద ఇది: దూరమైన తలుపు 30 మీటర్ల లోపే ఉంటే 12 వోల్టులు, దాటితే 24. కంట్రోలర్ పక్కన మిగిలిన నెట్‌వర్క్ కేబుల్ ఒక జత తీసి లాకుకు కలపడం ఎక్కువగా చూసే తప్పు. ఆ తీగ 0.5 స్క్వేర్ ఎంఎంలో సగం కూడా ఉండదు.

సప్లై మీదుండే చిన్న స్క్రూ తిప్పి వోల్టేజి పెంచి సరిపెడదామంటారు కొందరు. చివరి తలుపుకు సరిపడా పెంచితే మొదటి తలుపు రీడర్‌కు ఎక్కువైపోతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. ఆ స్క్రూను ఫ్లోట్ వోల్టేజికి (నిండిన బ్యాటరీని నిండుగానే ఉంచే వోల్టేజి) పెట్టి వదిలేయండి.

24 వోల్టులకు ఉన్న చిక్కు రీడర్లతో. చాలా రీడర్లు, కంట్రోలర్లు 12 మీదే నడుస్తాయి. దీన్ని చిక్కుగా చూడకండి, అవకాశంగా తీసుకోండి: లాకుల సప్లైని, కంట్రోలర్ల సప్లైని విడదీయండి. లాకు కాయిల్ ఆగినప్పుడల్లా వెనక్కి తన్నే వోల్టేజికి కంట్రోలర్ హ్యాంగవడం తప్పుతుంది. మంటొచ్చి లాకుల కరెంటు తెంపినా కంట్రోలర్లు బతికే ఉంటాయి, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుందో రికార్డు ఉంటుంది. వెనక్కి తన్నకుండా లాకు టెర్మినళ్ల మీద ఒక 1ఎన్4007 డయోడ్ వేస్తారు, గీత ఉన్న వైపు ప్లస్‌కు. తిరగేస్తే షార్టే. లాకులో ముందే ఉంటే మళ్లీ వేయక్కర్లేదు.

ఇంకొకటి. చాలా ఈఎం లాకుల లోపల 12, 24 ఎంచుకునే జంపర్ ఉంటుంది. దాన్ని 12లో వదిలేసి 24 ఇస్తే కాయిల్‌లో రెట్టింపు కరెంటు, నాలుగింతల వేడి. కాసేపటికే కాలిన వాసన వస్తుంది.

మన ఎనిమిది తలుపులకు 24 వోల్టుల మీద 2 ఆంపియర్లు. నాలుగు గంటలకు 8 ఏహెచ్, పావు వంతు కలిపితే 10. 12 ఏహెచ్ కాగితం మీద సరిపోతుంది గాని రెండో వేసవికి సరిపోదు, 18 ఏహెచ్‌వి రెండు తీసుకోండి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కావాలి. పాతదొకటి కొత్తదొకటి సిరీస్‌లో పెడితే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది. సప్లై సైజు లెక్కేటప్పుడు ఛార్జింగ్ కరెంటు మర్చిపోతారు. లాకులకు 2, బ్యాటరీకి పదో వంతు లెక్కన 1.8, మొత్తం 3.8. 3 ఆంపియర్ల సప్లై కొంటే తుపాను రోజున కరెంటు వచ్చాక అది లాకులను మోస్తుందే తప్ప బ్యాటరీని నింపలేదు. 5 ఆంపియర్లది తీసుకోండి.

నెట్‌వర్క్ కేబుల్ మీద కరెంటు

పీఓఈ అంటే నెట్‌వర్క్ స్విచ్ నుంచి వచ్చే ఒకే కేబుల్ మీద డేటా, కరెంటు రెండూ. కొత్త ఆఫీసు అయి, నెట్‌వర్క్ వైరింగ్ ఎలాగూ చేస్తుంటే పని శుభ్రంగా ఉంటుంది. అయితే మామూలు ఏఎఫ్ ప్రమాణంలో స్విచ్ 15.4 వాట్లు ఇస్తే తలుపు దగ్గరికి గ్యారంటీగా చేరేది 12.95 వాట్లే. ఈఎం లాకుకు 6, రీడర్‌కు ఒకటిన్నర, కంట్రోలర్‌కు మూడు అనుకుంటే పదిన్నర అయిపోయింది. రెండో లాకుకు చోటు లేదు. ఏటీ ప్రమాణంలో తలుపు దగ్గర 25.5 వాట్లు దొరుకుతాయి, లాకు పెట్టేచోట అదే అడగండి.

దీనిలో రెండు సంగతులు కొటేషన్‌లో రాయరు. ఐటీ కుర్రాడు రాత్రి స్విచ్‌ను రీస్టార్ట్ చేస్తే మాగ్నెట్ లాకులన్నీ ఆ నిమిషం వదిలేస్తాయి. రెండోది, అలారానికి లాకును తెంపే వైరు ఫైర్ ప్యానెల్ నుంచి ప్రతి తలుపుకూ విడిగా రావాలి. "నెట్‌వర్క్ మీదే సాఫ్ట్‌వేర్ తెరుస్తుంది" అంటే ఒప్పుకోకండి. మంటలో ముందు పోయేది ఆ స్విచ్చే కావచ్చు. వైరు ఆదా అనే లాభం అక్కడితో సగం పోయింది.

ఇన్వర్టర్, యూపీఎస్, ఫైర్ ప్యానెల్ నుంచే లాగడం

"అన్నా, బిల్డింగ్ మొత్తానికీ ఇన్వర్టర్ ఉంది గదా, మళ్లీ ఈ డబ్బా బ్యాటరీలు ఎందుకు?" ఒంగోలులో అయినా కావలిలో అయినా వచ్చే ప్రశ్నే. ఇన్వర్టర్ మారే ఆ క్షణం చిన్న అడాప్టర్ నిలబడకపోతే లాకు ఒక్కసారి టక్కున వదిలి మళ్లీ పట్టుకుంటుంది. నెట్టుకుని నిలబడ్డవాడు లోపలికి వచ్చేస్తాడు. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ ఉంటే ఆ గ్యాప్ తగ్గుతుంది. దాన్ని అదనపు అండగా వాడుకోండి. లాకు సప్లై పక్కన సొంత బ్యాటరీ మాత్రం ఉండాలి. జనరేటర్ ఉన్న ఆసుపత్రిలో కూడా అది అందుకునేదాకా గడిచే సెకన్లు ఆ బ్యాటరీవే.

ఫైర్ ప్యానెల్ విషయంలో బేరమే లేదు. దానికి డీబీ (కరెంటు పంచే బోర్డు) నుంచి సొంత ఎంసీబీ, సొంత బ్యాటరీలు. ఆ ఎంసీబీ మీద ఎర్ర స్టిక్కర్ వేయండి, లేకపోతే పెయింటింగ్ రోజున ఎవరో ఆపేస్తారు. అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రకారం ప్యానెల్ బ్యాటరీ 24 గంటలు మామూలుగా నిలబడి, ఆ తర్వాత కూడా అయిదు నిమిషాలు హూటర్లు మోగించగలగాలి. దాని ఆక్సిలరీ (బయటి పరికరాలకు కరెంటిచ్చే) 24 వోల్టుల టెర్మినల్ ఖాళీగా ఉందని లాకులను అక్కడ తగిలిస్తే, రెండు ఆంపియర్ల లోడు ఆ బ్యాటరీని కొన్ని గంటల్లోనే తినేస్తుంది. కరెంటు లేని రాత్రి మంటొస్తే హూటర్ మోగదు. అయిదింటిలో ఇదొక్కటే మేం ఎవరికీ చెప్పని దారి.

పొగ తలుపులను తెరిచి పట్టుకునే మాగ్నెటిక్ హోల్డర్లకు బ్యాటరీ అక్కర్లేదు. కరెంటు పోతే అవి వదిలేసి తలుపు మూసుకోవడమే మంచిది.

తెంపే చోటు

అలారం వచ్చినప్పుడు లాకు కరెంటు తెంపే పద్ధతిని కాస్త దగ్గరగా చూద్దాం, పొరపాట్లన్నీ ఇక్కడే. ప్యానెల్‌లోని అలారం రిలేకు మూడు టెర్మినళ్లు: కామన్, ఎన్‌వో (రిలే కాయిల్‌కు కరెంటు లేనప్పుడు కామన్‌తో విడిపోయి ఉండేది), ఎన్‌సీ (అప్పుడు కలిసి ఉండేది). ఆ చిన్న రిలే గుండా ఎనిమిది లాకుల 2 ఆంపియర్లు నేరుగా పంపకండి. చాలా ప్యానెళ్ల కాంటాక్టులు ఒకటి రెండు ఆంపియర్లవే. కాయిల్ లోడుకు నిప్పురవ్వలు లేచి కొన్నాళ్లకు అతుక్కుపోతాయి. అతుక్కున్న కాంటాక్టు అలారానికి విడిపోదు. అది ఏ పరీక్షా లేకుండా బయటపడదు కూడా.

అందుకని లాకుల పెట్టెలో 10 ఆంపియర్ల కాంటాక్టున్న 24 వోల్టుల రిలే ఒకటి పెట్టండి. దాని కాయిల్‌కు ఫైర్ ప్యానెల్ ఆక్సిలరీ 24 వోల్టులు, అలారం రిలే ఎన్‌సీ గుండా ఇవ్వండి. మామూలు రోజుల్లో కాయిల్ ఎప్పుడూ ఎక్కి ఉంటుంది. లాకుల ప్లస్ వైరు ఆ రిలే ఎన్‌వో గుండా పోతుంది. అలారం వస్తే కాయిల్ దిగుతుంది, లాకులు వదిలేస్తాయి. మధ్య వైరు కాలినా, తెగినా, ప్యానెల్ పూర్తిగా చచ్చిపోయినా కూడా అంతే. కాయిల్ తినేది 40 మిల్లీ ఆంపియర్లలోపే. 24 గంటలకు ఒక ఏహెచ్, ప్యానెల్ బ్యాటరీ లెక్కలో దాన్ని కలుపుకోండి.

తలుపు పక్కన ఉండే పచ్చ బ్రేక్ గ్లాస్ (అత్యవసరంలో నొక్కి తలుపు తెరిచే పెట్టె) కూడా లాకు ప్లస్ వైరునే నేరుగా తెంపాలి. దాన్ని కంట్రోలర్‌లోని ఎగ్జిట్ స్విచ్ ఇన్‌పుట్‌కు కలిపితే కంట్రోలర్ హ్యాంగైన రోజు అది గోడకు పెట్టిన బొమ్మే. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో అగ్ని భద్రత నాలుగో భాగం. ఎన్‌ఓసీకి (అగ్నిమాపక శాఖ అనుమతికి) వెళ్లేముందు మీ ఫైర్ కన్సల్టెంట్‌తో ఆ భాగాన్ని ముందు పెట్టుకుని డ్రాయింగ్ మీద ప్రతి తలుపుకూ ఈ రెండు తెంపే చోట్లనూ గుర్తు పెట్టించండి.

ఎవరికి ఏది

ఒకటి, రెండు తలుపుల క్లినిక్‌కు తలుపుకొక ఛార్జర్ సప్లై చాలు. అపార్ట్‌మెంటులో గేటు, సెల్లార్ తలుపు కలిపి మూడు నాలుగుంటే 12 వోల్టుల ఒకే పెట్టె. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు, నాలుగు లాకులకు, రీడర్లకు, కంట్రోలర్‌కు కలిపి 2.7 ఆంపియర్లనుకుంటే 18 ఏహెచ్ బ్యాటరీ కావాలి. అక్కడ 7 ఏహెచ్ పెట్టి నాలుగు గంటలంటే నమ్మకండి, రెండు గంటలకే అయిపోతుంది. ఆసుపత్రికి, కాలేజీ హాస్టల్‌కు 24 వోల్టుల పెట్టె, కంట్రోలర్లకు వేరే 12. ఐటీ ఆఫీసుకు పీఓఈ, లాకు తెంపే వైరుతో సహా.

సముద్రం పక్కన రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటయితే అదనంగా కొన్ని. ఉప్పుగాలికి టెర్మినళ్లకు చిలుము పడుతుంది, అమ్మోనియా వాసన ఉన్న చోట రాగి ఇంకా త్వరగా తినుకుపోతుంది. పెట్టెను ప్లాంటు హాల్లో కాకుండా ఆఫీసు వైపు పెట్టండి, రబ్బరు సీలున్న పెట్టె, వైరు దూరే చోట బిగించే గ్లాండ్లు, వైరు కొసకు వేసే టిన్ పూత లగ్గులు వాడండి. కోల్డ్ రూము తలుపుకు లోపలి నుంచి చేత్తో నెట్టి తెరిచే మెకానికల్ రిలీజ్ లేకుండా ఎలక్ట్రిక్ లాకు పెట్టనే వద్దు.

బిల్లు ఇచ్చేముందు

పని పూర్తయిందన్న రోజున మీరే దగ్గరుండి చూడండి. మెయిన్స్ ఎంసీబీ ఆపి, దూరమైన తలుపు లాకు టెర్మినళ్ల మీద మీటర్ పెట్టండి. 12 వోల్టుల లాకుకు 11 కంటే తగ్గకూడదు. గంట తర్వాత మళ్లీ చూడండి. ఒక తలుపు ఫ్యూజు పీకండి, మిగతావి పట్టే ఉండాలి. కంట్రోలర్‌ను ఆపేసి పచ్చ బ్రేక్ గ్లాస్ నొక్కండి, తలుపు రావాలి. స్మోక్ డిటెక్టర్‌కు టెస్ట్ పొగ కొట్టి ఎనిమిది తలుపులూ నెట్టి చూడండి. ప్యానెల్‌ను రీసెట్ చేసేదాకా అవి మళ్లీ పట్టుకోకూడదు. బ్యాటరీల మీద మార్కర్‌తో తేదీ రాయించండి.

ఆఖరున ఫైర్ ప్యానెల్ నుంచి లాకుల పెట్టెకు వచ్చే వైరును ప్యానెల్ దగ్గర ఒక కొస విప్పించండి. లాకులు వెంటనే వదిలేయాలి. వదల్లేదంటే ప్యానెల్ రిలేను ఎన్‌వోలో, లాకుల రిలేను ఎన్‌సీలో తిరగేసి కట్టారు. రెండింటినీ పైన చెప్పినట్టు మార్చి, మళ్లీ విప్పి చూపించేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి.